గీత దాకా నీళ్ళు

మూడో నంబరు బుధవారం పొద్దున చచ్చిపోయింది. నేను పళ్ళు తోముకుంటూ ముందుగదిలోకి వచ్చేసరికి అక్వేరియం మూలన, రాయికీ గాజుకీ మధ్య పక్కకి ఒరిగి ఉంది. నల్లచారల చేప. పదిరోజుల్లో ఇది మూడోది. బ్రష్షు నోట్లో ఉంచుకునే కాసేపు నిలబడి చూశాను. అయ్యో అనిపించింది, కాదనను. కానీ దానికంటే ముందు ‘ఎవరి పని?’ అనిపించింది.

నేను ముప్పై నాలుగేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి. నిద్ర నటించేవాడి కనురెప్ప ఎలా అదురుతుందో, బాత్రూములో దాక్కున్నవాడు ఎంతసేపటికి దగ్గుతాడో నాకు తెలుసు. టికెట్ కొన్నవాడెవడూ కిటికీలోంచి అంత శ్రద్ధగా పొలాలకేసి చూడడు. ఏ చేపా ఊరికే చావదు.

రిటైరయ్యాక ఈ విద్యకి ఇంట్లో గిరాకీ లేకుండా పోయింది. పాలలో నీళ్ళు, ఇస్త్రీ బట్టల్లో తగ్గిన చొక్కా, ఇంతే మిగిలాయి. “మీరింకా రైలు దిగలేదండీ” అంటుంది మా ఆవిడ. మా అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, నాన్నకి చూసుకోవడానికి ఏదైనా పెట్టకపోతే మనందర్నీ తనిఖీ చేస్తూ కూర్చుంటాడని, మొగుడికి చెప్పి ముందుగదిలో ఈ సముద్రపు నీళ్ళ తొట్టి పెట్టించింది. ఆరు చేపలు, అల్లుడు పట్టి తెచ్చినవే. నేను వాటికి పేర్లు పెట్టలేదు, నంబర్లిచ్చాను. సాయంత్రం దీపం ఆర్పగానే దేని బొరియలోకి అది పోయేది. ఒకరి బెర్తులో ఇంకొకరు పడుకోవడం ఒక్కరోజు కూడా చూడలేదు. మనుషుల్లో ఆ క్రమశిక్షణ ఎప్పుడూ చూడకపోవడం వల్లనేమో, వాటిమీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇక అల్లుడు. మా అమ్మాయి తనకు తానుగా చూసుకుని చేసుకున్నవాడు. వృత్తి, సముద్రంలోకి దిగి రంగుచేపల్ని ప్రాణాలతో పట్టడం. నీటి అడుగున రాళ్ళ మధ్య సన్నటి వలని తెరలా కట్టి, చేతికర్రతో చేపని మెల్లగా అటు తోలి, చిన్న చేతివలలోకి తీసుకుంటాడట. ఒక్కోదానికీ విడిగా ఒక సంచి. పైకి తెచ్చేటప్పుడు మధ్యమధ్యలో ఆగుతాడట, లేకపోతే లోతులో బతికే చేపకి కడుపు ఉబ్బుతుందట. ఇవన్నీ అతను చెప్పిన మాటలు. నేను చూసినవి కావు.

ఊళ్ళో ఇలాంటి చేపలమ్మే షాపు ఒక్కటే ఉంది. దాని యజమానిని అందరూ తొట్ల మేష్టారంటారు. చేప కొన్నా కొనకపోయినా పాఠం చెప్పందే ఎవర్నీ పంపడు. ఆయన మా అల్లుడి దగ్గరే ఎందుకు కొంటాడంటే, ‘ఆ అబ్బాయి మందు వెయ్యడు’ అన్న ఒక్క మాట మీద. ఆ మాటే మా వాళ్ళ ఇంటి పొయ్యి వెలిగించేది. ఆ మాట పోతే ఇంకేమీ లేదు.

ఆ ‘మందు’ అంటే ఏమిటో నేను షాపుకి వెళ్ళి తెలుసుకున్నాను. బుధవారం మధ్యాహ్నమే, చచ్చిన చేపని ఒక డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను.

“కొంతమంది సీసాలో విషం కలిపిన నీళ్ళు పోసుకుని దిగుతారు సార్. రాళ్ళ సందుల్లోకి పిచికారీ కొడతారు. చేప మత్తెక్కి బయటికి తూలుతుంది, చేత్తో ఏరుకోవడమే” అన్నాడు మేష్టారు. “చూడ్డానికి ఏం తేడా ఉండదు. తింటుంది, తిరుగుతుంది. లోపల కాలేయం పోయుంటుంది. నెలకో రెండు నెలలకో, కారణం లేకుండా పోతుంది.”

మా చేపలు వచ్చి రెండు నెలలైంది.

“నీళ్ళు సరిగ్గా ఉన్నాయా? ఉప్పు చూశారా?” అని అడిగాడాయన.

“అన్నీ సరిగ్గానే ఉన్నాయి” అన్నాను.

ఇక్కడ నా జాగ్రత్త గురించి చెప్పాలి. తొట్టి పెట్టిన రోజు అల్లుడు గాజు మీద నల్లటి పెన్నుతో ఒక గీత గీశాడు. “నీళ్ళు ఆవిరైపోయి ఈ గీత కిందికి దిగుతుంటాయి మామయ్యా. రోజూ గీత దాకా మంచినీళ్ళు పొయ్యండి. వడపోసినవి” అన్నాడు. నాకు అప్పుడే ముల్లు గుచ్చుకుంది. సముద్రపు చేపకి మంచినీళ్ళా? ఉన్న ఉప్పు పలచబడిపోదూ? రోజూ సముద్రం నీళ్ళు మోసుకొచ్చి ఇవ్వడానికి బద్ధకమై, కుళాయి తిప్పుకోమని చెబుతున్నాడనుకున్నాను. సరే, కుర్రవాడు, మొహం మీద అంటే చిన్నబుచ్చుకుంటాడని పైకేమీ అనలేదు. ఇంట్లో మాత్రం ‘అల్లుడు సముద్రం నీళ్ళే పొయ్యమన్నాడు’ అని చెప్పాను. రోజూ పొద్దున్నే స్కూటరు మీద క్యాను పెట్టుకుని, పడవలు ఆగే చోటు దాటి, రాళ్ళ చివరిదాకా నడిచి, శుభ్రమైన నీళ్ళు పట్టుకొచ్చేవాణ్ణి. గుడ్డ నాలుగు మడతలు పెట్టి వడపోసేవాణ్ణి. రెండు నెలల్లో ఒక్కరోజు తప్పలేదు. ఉప్పు చూడమని అతనిచ్చిన గాజు బుడ్డి అట్టపెట్టెలోంచి తియ్యలేదు. సాక్షాత్తూ సముద్రం నీళ్ళు తెచ్చి పోస్తుంటే దానికి ఉప్పు కొలవడమేమిటి?

“ఈ గాజు అంచున రోజూ తెల్లగా ఏదో పేరుకుంటోందండీ, తుడవలేక చస్తున్నా” అనేది మా ఆవిడ. దుమ్మనేవాణ్ణి.

ఆదివారం అమ్మాయీ అల్లుడూ భోజనానికి వచ్చారు. అతను నేరుగా సముద్రం నుంచే వచ్చాడు, సంచితో సహా. స్నానానికి వెళ్ళగానే నేను ఆ సంచి తెరిచాను. సిగ్గుపడలేదు. ముప్పై నాలుగేళ్ళు తెరిచినవాణ్ణి. తడి వల, రబ్బరు చెప్పులు, కళ్ళకి పెట్టుకునే అద్దం, వాటి అడుగున పిచికారీ సీసా. అందులో తెల్లగా, పలచగా ఏవో నీళ్ళు. మూత తీసి వాసన చూశాను. పసిపిల్లల ఒంటి వాసనలా కమ్మగా ఉంది. విషానికి సువాసన కూడా కలుపుతారన్నమాట, ఎవరికీ అనుమానం రాకుండా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు టికెట్ కలెక్టరుగా పనిచెయ్యలేదు కదా. సీసా తీసి నా బీరువాలో పెట్టాను.

అల్లుడు తల తుడుచుకుంటూ వచ్చి తొట్టి ముందు వంగాడు.

“ఎగబీలుస్తున్నాయేంటి మామయ్యా? ఓసారి నీళ్ళు చూస్తాను.”

నేను లేచి తొట్టికీ అతనికీ మధ్య నిలబడ్డాను. ఆధారాలు తారుమారు చేస్తాడని నా భయం. “నువ్వు చెయ్యి పెట్టకు. నేను చూసుకుంటున్నాను” అన్నాను.

“గాజు బుడ్డి వేసి చూశారా?”

“చూశాను. సరిగ్గానే ఉంది.”

“మరి ఏమై ఉంటుంది?” అంది అమ్మాయి.

“నీళ్ళైతే కాదులే. మామయ్య చూశానంటే చూసినట్టే” అన్నాడు అల్లుడు.

ఆ మాటకి నేను కరగలేదు సరికదా, మంచి చేసుకుంటున్నాడు చూడు, అనుకున్నాను. భోజనాల దగ్గర అతను తల వంచుకుని తింటే తప్పు చేసినవాడిలా కనిపించాడు. తలెత్తి నవ్వితే బుకాయిస్తున్నట్టు కనిపించాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు సంచి వెతుక్కుని, “సీసా ఎక్కడో పడేసుకున్నట్టున్నాను” అన్నాడు. నేను పేపరు తిరగేశాను.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడకి చెప్పాను. ఆమె చేతిలో పళ్ళెం పక్కన పెట్టి, “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందండీ. బయట ఎక్కడా అనకండి. ముందు అబ్బాయినే అడగండి” అంది. దొంగని ‘నువ్వు దొంగవేనా’ అని అడుగుతారా ఎక్కడైనా? సోమవారం పొద్దున షాపు తలుపులు తీయక ముందే వెళ్ళి మేష్టారి కోసం మెట్ల మీద కూర్చున్నాను.

చెప్పాను. సీసా సంగతి, వాసన సంగతి, చేపల చావు. అల్లుడైనా సరే, న్యాయం న్యాయమేనన్నాను. చెబుతున్నప్పుడు నాకు గర్వంగా ఉంది. ఈ మాట దాచుకోను.

మేష్టారు తాళంచెవులు మెట్టు మీద పెట్టి వింటూ కూర్చున్నాడు. పాఠమేమీ చెప్పలేదు. “సొంత మామగారే అంటుంటే ఇంకేం సాక్ష్యం కావాలి సార్” అన్నాడు చివరికి.

తరువాతి వారం నాలుగో నంబరు, ఆరో నంబరు పోయాయి. పసుపుపచ్చ రెండో నంబరు ఒక్కటి మిగిలింది, అది కూడా బొరియ దాటి రావడం లేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం అమ్మాయీ అల్లుడూ చెప్పకుండా వచ్చారు. ఇద్దరి చేతుల్లో సంచులు, ఒక్కో దాంట్లో ఒక్కో చేప. అయిదు. అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మేష్టారు తీసుకోనన్నారు. విడిగా కొనేవాళ్ళు కూడా తీసుకోవట్లేదు. ఈయన మందు వేస్తున్నాడని ఎవరో చెప్పారట” అంది. “ఎవరో మీ ఇంట్లోవాళ్ళే అన్నారు, పేరడక్కు అన్నాడాయన. మా ఇంట్లోవాళ్ళెవరు నాన్నా? ఈయన అన్నగారా? ఆయన మాతో మాట్లాడి ఏడాదైంది.”

“సంచుల్లో గాలి సాయంత్రం దాకే ఉంటుంది మామయ్యా” అన్నాడు అల్లుడు. “వీటిని మన తొట్టిలో వేస్తాను. తర్వాత ఆలోచిద్దాం.”

ఆ ‘మన’ అనే మాట నాకు పుండు మీద కారంలా తగిలింది. “వెయ్యి, వెయ్యి. ఇవి కూడా రెండు నెలలకి చస్తాయి” అని బీరువా తెరిచి సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. “ఇదేమిటో ముందు చెప్పు.”

అల్లుడు సీసా వంక చూశాడు, నా వంక చూశాడు. అతని మొహంలో భయం కోసం వెతికాను. అతను దగ్గరికి వచ్చి, “ఒక్కసారి ఇవ్వండి” అని నా కళ్ళజోడు మెల్లగా తీశాడు. రెండద్దాల మీదా ఆ నీళ్ళు కొంచెం కొట్టి, చొక్కా అంచుతో తుడిచి, నోటితో ఆవిరి ఊది నాకు చూపించాడు. ఆవిరి పట్టలేదు.

“పసిపిల్లల షాంపూ మామయ్యా. నీళ్ళు కలిపింది. నీళ్ళ లోపల కళ్ళ అద్దం మసక పట్టకుండా రాస్తాం” అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ నా చెవులకి తగిలించాడు.

సరే, సీసా షాంపూదే అయింది, మరి చేపలెందుకు చచ్చాయని లోపల ఇంకా గింజుకుంటూనే ఉన్నాను. అతను షోకేసులోంచి అట్టపెట్టె తీశాడు. కొత్త చేపల్ని వదిలే ముందు నీళ్ళు చూడడం అతని అలవాటు. పెట్టె మీద అతికించిన టేపు అలాగే ఉంది. దాన్ని వేలితో ఒకసారి తడిమాడు. తరువాత చింపాడు.

గాజు బుడ్డిని ముందు ఒక సంచిలోని నీళ్ళలో వేశాడు. అది నడుము దాకా మునిగి నిటారుగా నిలబడింది. తరువాత మా తొట్టిలో వేశాడు. ఉప్పెక్కువైన నీళ్ళలో అది బెండులాగా పైకి తేలి పక్కకి ఒరిగిపోయింది.

“చేపల్ని పెంచుతున్నారా, ఉప్పులో ఊరేస్తున్నారా?” అంది అమ్మాయి. వేళాకోళానికి అన్నది కాదు.

“మామయ్యా, ఏ నీళ్ళు పోస్తున్నారు?”

నేను చెప్పేలోపే మా ఆవిడ అంది. “అదేంటి బాబూ, సముద్రం నీళ్ళే పొయ్యమన్నావటగా? ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి తెస్తున్నారు.” అందరూ నా వైపు తిరగడంతో ఆమెకి అర్థమైంది. “నువ్వు చెప్పలేదా? ఏమండీ, కూరలో నీళ్ళు ఇగిరిపోతే ఉప్పు కూడా ఇగిరిపోతుందా? ఇగిరినకొద్దీ ఎవరైనా ఉప్పునీళ్ళు పోస్తారా? అల్లుడు చెప్పాడన్నారు కాబట్టి నోరు మూసుకున్నానండీ. లేకపోతే ఆ తెల్లటి పొర చూసినప్పుడే అడిగేదాన్ని.”

రెండు నెలలు. అరవై క్యాన్ల ఉప్పు. గుడ్డ నాలుగు మడతలు పెట్టి, వడపోసి మరీ పోశాను. అవి ఎగబీలుస్తుంటే తొట్టికి అడ్డం నిలబడ్డాను. కుర్చీలో కూలబడ్డాను.

నేను చెప్పకపోతే ఆ షాపు మాట ఎవరన్నారో ఎప్పటికీ బయటపడకపోయేదేమో. వాళ్ళ అన్న మీదికి పోయేది. ఆ ఆలోచన నాకు వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ టికెట్ లేకుండా దొరికిన వాళ్ళలో నాకు అందరికన్నా అసహ్యం, పక్కవాణ్ణి చూపించేవాడు.

“మేష్టారికి చెప్పింది నేనే” అన్నాను.

అమ్మాయి సంచులన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. అల్లుడు గాజు బుడ్డిని గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతూ, “నన్ను ఒక్క మాట అడగాల్సింది మామయ్యా” అన్నాడు. అంతే అన్నాడు. మందు వేశాడనుకున్నప్పుడు అతని మీద వచ్చిన కోపమంతా కలిపినా, ఆ ఒక్క మాట విన్నప్పుడు నా మీద నాకు వచ్చిన కోపానికి సరిపోదు.

సంచులకి సాయంత్రం దాకే గడువు. అయిదింటినీ స్కూటరుకి తగిలించుకుని షాపుకి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నీళ్ళు, గీత, గాజు బుడ్డి, షాంపూ. మేష్టారు అంతా విన్నాడు. విని, తల పక్కకి వంచి, కళ్ళు కొంచెం చిన్నవి చేసి నన్ను చూశాడు.

“అల్లుడు కదా సార్. వెనకేసుకొస్తున్నారు. మీ బాధ నాకు అర్థమవుతుంది” అన్నాడు.

ఆ చూపు నాకు బాగా తెలుసు. ముప్పై నాలుగేళ్ళు నేను జనాన్ని చూసిన చూపే. పర్సు పోయిందన్న ముసలాయన్ని, బిడ్డకి జ్వరమని పరుగెత్తి ఎక్కానన్న తల్లిని అలాగే చూశాను. వాళ్ళలో ఎందరు నిజం చెప్పారో. సొంత మామ కాబట్టి నేను తప్పన్నప్పుడు నమ్మాడు, సొంత మామ కాబట్టి ఒప్పన్నప్పుడు నమ్మలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

“నన్ను నమ్మకండి. చేపల్ని నమ్మండి” అన్నాను. “మందు వేసినవైతే రెండు నెలల్లో పోతాయని మీరే కదా అన్నారు. ఈ అయిదింటినీ షాపు ముందు తొట్టిలో, అందరికీ కనపడేలా పెట్టండి. చాకిరీ నేను చేస్తాను. అరవై రోజులు.”

ఆయన సంచుల వంక చూశాడు. చేపలు అప్పటికే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అనుమానం ఎంత ఉన్నా చేప చస్తుంటే చూడలేని మనిషి. ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి పొద్దున్నే షాపుకి వెళ్ళేవాణ్ణి. మేష్టారు గాజు మీద గీత గీసి ఇచ్చాడు. ముందు బుడ్డి వేసి ఉప్పు చూసి, తరువాత గీత దాకా వడపోసిన మంచినీళ్ళు, గ్లాసు గ్లాసుగా పోసేవాణ్ణి. వచ్చినవాళ్ళు అడిగేవారు, ఇవేనా ఆ మందు వేసిన చేపలని. “కాదండీ. మందు వెయ్యనివి. వీటికి ముందొచ్చిన వాటిని చంపింది నేను” అని ఎలా చంపానో చెప్పేవాణ్ణి. కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం గతుక్కుమని, ‘నేనూ సముద్రం నీళ్ళే పోస్తున్నానండీ’ అని అప్పటికప్పుడు ఇంటికి పరుగెత్తాడు. మేష్టారు లోపల్నించి వింటూ ఉండేవాడు.

అల్లుడు ఆ రెండు నెలలూ పడవల అడుగున పేరుకున్న నాచూ గుల్లలూ గీకే పనికి వెళ్ళాడని మా ఆవిడ చెప్పింది. అమ్మాయి వాళ్ళమ్మతోనే ఫోనులో మాట్లాడేది. నేనున్నానని తెలిస్తే ‘తర్వాత చేస్తాలే’ అనేది. మా తొట్టిలో ఉప్పెలా తగ్గించాలో కూడా అల్లుడు అత్తగారికే చెప్పాడు. రోజుకి రెండు చెంబులు తీసెయ్యండి, రెండు చెంబులు మంచినీళ్ళు పొయ్యండి, తొందరపడకండి అని. రెండో నంబరు బతికింది. ఒక కన్ను మసకబారింది.

అరవయ్యో రోజున అయిదూ ఉన్నాయి. మేష్టారు ఒక్కోదానికీ మేత వేసి, తినేదాకా నిలబడి చూశాడు. అరవై ఒకటో రోజున కూడా చూశాడు. అప్పుడు ఫోను తీశాడు.

అల్లుడు మర్నాడు మధ్యాహ్నం సంచులతో వచ్చాడు. నేను పీట వేసుకుని తొట్టి అంచు తుడుస్తున్నాను. నన్ను దాటి లోపలికి వెళ్ళాడు. మేష్టారు ప్రతి సంచినీ వెలుతురుకి పెట్టి, తిప్పి తిప్పి చూసి తీసుకున్నాడు. ఇదివరకు అలా చూసేవాడు కాదు. అది నేను తెచ్చిపెట్టిందే. అల్లుడు ఓపిగ్గా నిలబడ్డాడు.

బయటికి వచ్చి నా పక్కన ఆగాడు. సంచి జిప్పు తీసి, పిచికారీ సీసా నా చేతికిచ్చాడు.

“ఖాళీ అయింది మామయ్యా. అత్తయ్యని కాస్త షాంపూ కలిపి ఉంచమనండి. ఆదివారం వచ్చినప్పుడు తీసుకుంటాం.”

తీసుకుంటాం, అన్నాడు. ఇద్దరూ వస్తారన్నమాట. తల ఊపాను. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, సీసాని జేబులో పెట్టుకున్నాను. మూత తీసి చూడలేదు.